తెరచాపల కాలం నాటి యుద్ధనౌక చరిత్ర మీరే రాయాలంటే

పాత యుద్ధనౌక ఒకటి మనసుకు పట్టింది, అది పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఎక్కడెక్కడ తిరిగిందో వరసగా రాయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఒకటే: యుద్ధాలతో మొదలుపెట్టొద్దు. యుద్ధాలు ఎలాగూ దొరుకుతాయి, వాటి గురించి అందరూ రాశారు. దొరకనిదీ, మీరు కష్టపడాల్సిందీ ఆ యుద్ధాల మధ్య గడిచిన ఏళ్ళ గురించే. ట్రింకోమలీ అనే ఓడనే చూడండి. బొంబాయి డాక్‌యార్డులో ఓడలు కట్టే వాడియా కుటుంబంవాళ్ళు మలబారు టేకుతో కట్టిన ఫ్రిగేట్, అంటే వేగంగా తిరిగే మధ్యరకం యుద్ధనౌక, 1817 అక్టోబరు 12న నీళ్ళలోకి దిగింది. 1819లో ఇంగ్లండు చేరింది, చేరగానే పక్కన కట్టేశారు. మళ్ళీ కొలువులోకి వచ్చింది 1847లో. అంటే ఇరవై ఎనిమిదేళ్ళు రేవులో ఊరికే ఉంది. ఆ తర్వాత 1847 నుంచి 1850 దాకా ఒకసారి, 1852 నుంచి 1857 దాకా ఇంకోసారి సముద్రం మీద పనిచేసింది. 1897లో పాత కలప కింద అమ్మేసేదాకా నౌకాదళం దగ్గర ఎనభై ఏళ్ళు ఉన్న ఓడ అసలు యుద్ధనౌకగా తిరిగింది ఎనిమిదేళ్ళు. మిగతా డెబ్బై చిల్లర ఏళ్ళను ఒక్క వాక్యంలో దాటేస్తే మీరు రాసింది ఆ ఓడ చరిత్ర ఎలా అవుతుంది?

నేనిక్కడ ఎక్కువగా బ్రిటిష్ రాయల్ నేవీ ఓడల గురించే చెబుతాను, ఎందుకంటే కాగితాలు అన్నిటికంటే పద్ధతిగా మిగిలింది వాళ్ళవే, పైగా మన రేవుల్లో కట్టిన ఓడలూ మన తీరానికి వచ్చిన ఓడలూ ఎక్కువ వాళ్ళవే.

ముందు ఓడ ఎవరో తేల్చుకోండి. వినడానికి తేలికగా ఉంటుంది కానీ సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి, ఎందుకంటే పేర్లు తిరిగి తిరిగి వాడేవాళ్ళు. నేనొకసారి జావా అనే ఓడ మీద రెండు రాత్రులు కూర్చుని నోట్సు రాసుకున్నాను, తీరా చూస్తే రెండు జావాల బతుకుల్ని కలిపి ఒకే ఓడకు అంటించాను. ఒకటి 1811లో ఫ్రెంచివాళ్ళ దగ్గర పట్టుకున్న రెనొమే, దానికే జావా అని పేరు పెట్టారు, 1812 డిసెంబరు 29న బ్రెజిల్ తీరం దగ్గర అమెరికన్ ఓడ కాన్‌స్టిట్యూషన్ చేతిలో ఓడిపోయి కాలిపోయింది. రెండోది 1815లో కొత్తగా కట్టింది. కాలిపోయిన ఓడ మూడేళ్ళ తర్వాత మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంటే అనుమానం రావాలి కదా, నాకు రాలేదు. అన్నట్టు ట్రింకోమలీ కట్టడానికి బొంబాయికి పంపిన నక్షాలు ఆ మొదటి జావాలోనే ఉన్నాయి, ఓడతో పాటే పోయాయి, మళ్ళీ పంపాల్సి వచ్చింది. కార్న్‌వాలిస్ సంగతీ ఇంతే: 1805లో ఈస్టిండియా కంపెనీ దగ్గర కొన్న ఓడ ఒకటి, 1811లో దాని పేరు అక్బర్ అని మార్చారు, 1813లో బొంబాయిలో అదే కార్న్‌వాలిస్ పేరుతో 74 ఫిరంగుల ఓడ దిగింది.

అందుకని నోట్‌బుక్ మొదటి పేజీలో నాలుగు విషయాలు రాసి పెట్టుకోండి: ఎక్కడ ఎవరు కట్టారు, ఏ రోజు నీళ్ళలోకి దిగింది, ఎన్ని ఫిరంగుల తరగతి, చివరికి ఏమైంది. తర్వాత ఏ కాగితం చేతికొచ్చినా ముందు ఈ నాలుగింటితో పోల్చి, సరిపోతేనే లోపలికి రానివ్వండి. పట్టుకున్న ఓడైతే పాత పేరు కూడా రాసుకోండి, దాని మొదటి జీవితం ఆ పేరు కిందే ఉంటుంది. పశ్చిమాఫ్రికా తీరంలో బానిసల ఓడల్ని వెంటాడిన బ్లాక్ జోక్ అంతకుముందు హెన్రిక్వెటా అనే పేరుతో బానిసల్నే మోసిన ఓడ, 1827లో చిక్కింది. ఆ పాత పేరు తెలియకపోతే కథలో సగం మీ చేతికి రాదు.

ఫిరంగుల లెక్క దగ్గర ఒక చిక్కుంది, కొత్తవాళ్ళు తప్పకుండా ఇందులో పడతారు. 74 ఫిరంగుల ఓడ అంటే సరిగ్గా 74 ఉన్నాయని కాదు, అది తరగతి పేరు మాత్రమే. పొట్టిగా ఉండి దగ్గర నుంచి పెద్ద గుండు విసిరే కారొనేడ్‌లు ఎన్ని ఎక్కించినా చాలా వరకు వాటిని లెక్కలో చేర్చేవాళ్ళు కాదు. 1817లో నియమం మార్చి వాటినీ కలిపారు. దాంతో 38 ఫిరంగుల ఫ్రిగేట్ రాత్రికి రాత్రి 46 ఫిరంగులదైంది, ఓడలో ఒక్క ఫిరంగి పెరగకుండానే. ట్రింకోమలీ కాగితాల్లో 38, 46 రెండూ కనిపిస్తాయి, 1840లలో కొలువుకు సిద్ధం చేస్తూ పైభాగం కోసి మార్చినప్పుడు 26 అయింది. మూడూ నిజమే. ఏ ఏడాది లెక్కో పక్కన రాస్తే సరిపోతుంది. టన్నుల విషయంలోనూ జాగ్రత్త, అది బరువు కాదు, ఓడ పొడవు వెడల్పులతో వేసే లెక్క: అడుగుదూలం పొడవును వెడల్పుతో, మళ్ళీ వెడల్పులో సగంతో గుణించి 94తో భాగించేవాళ్ళు. టన్నుల పక్కన 94 కింద వేసిన భిన్నం కనిపిస్తే అచ్చుతప్పేమో అనుకోకండి, అది ఈ భాగహారంలో మిగిలిన శేషం.

తర్వాత అస్థిపంజరం. ఓడ జీవితాన్ని ఏళ్ళుగా కాకుండా కొలువులుగా విడగొట్టండి. కెప్టెన్ వచ్చి, జెండా ఎగరేసి, మనుషుల్ని చేర్చుకుంటే కొలువు మొదలు. తిరిగొచ్చి జీతాలు చేతిలో పెట్టి అందర్నీ పంపేస్తే ఆ కొలువు ముగిసినట్టు, దాన్నే పే ఆఫ్ అంటారు. రెండు కొలువుల మధ్య ఓడ ఆర్డినరీలో ఉంది అంటే తెరచాపలు, స్తంభాలు, ఫిరంగులు దింపేసి నలుగురు కాపలావాళ్ళతో రేవులో కట్టేశారని అర్థం. తెలియక దీన్ని మామూలుగా ఉంది అని అనువదించినవాళ్ళను చూశాను. రేజీ అంటే పై అంతస్తు కోసేసిన ఓడ, హల్క్ అంటే ఇక సముద్రానికి పనికిరాక గోదాముగానో ఆసుపత్రిగానో జైలుగానో కట్టి ఉంచిన ఒళ్ళు. ఈ అస్థిపంజరం కట్టడానికి నేవీ లిస్టు చాలు. 1814 నుంచి అధికారికంగా వస్తోంది, ఓడల పేర్లు, ఫిరంగులు, ఆఫీసర్లు అన్నీ ఉంటాయి, పాత సంచికలు చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. అంతకుముందు ఏళ్ళకి స్టీల్ అనే ప్రచురణకర్త వేసిన జాబితాలు ఉన్నాయి. వరసగా ఒక్కో సంచిక తిరగేస్తూ కెప్టెన్ పేరు మారిన చోటల్లా గీత గీసుకుంటూ పోండి, ఒక సాయంత్రంలో పని అయిపోతుంది. ట్రింకోమలీకైతే రెండే పేర్లు ముఖ్యం: మొదటి కొలువుకి వారెన్, రెండోదానికి హౌస్టన్.

ఇప్పుడు అసలు సరుకు, లాగ్‌బుక్కులు. లండన్ పక్కన క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అక్కడ అడ్మిరల్టీ, అంటే బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన శాఖ, కాగితాలన్నీ ఏడీఎం అనే అక్షరాల కింద నంబర్లతో ఉంటాయి, కెప్టెన్ల లాగ్‌లు ఏడీఎం 51, మాస్టర్ల లాగ్‌లు ఏడీఎం 52, ఓడ లాగ్‌లు ఏడీఎం 53. మాస్టర్ అంటే ఇక్కడ ఓడ దారి లెక్క చూసేవాడు, అందుకే దిక్కులు, లోతులు, లంగరు వేసిన చోట్లు కావాలంటే నేను ముందు మాస్టర్ లాగే తీస్తాను, కెప్టెన్లు కొందరు మరీ బద్ధకంగా రాసేవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్ళకి లెఫ్టినెంట్ల లాగ్‌లు కూడా ఉన్నాయి, అవి గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో. లాగ్‌లు మనం ఇక్కడ కూర్చుని చదవడానికి చాలావరకు దొరకవు, కానీ కేటలాగు ఇంట్లోంచే వెతకొచ్చు. ఓడ పేరు, ఏళ్ళు కొడితే ఏ కట్టలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో చూపిస్తుంది, కాపీలకు ఆర్డరిచ్చే ముందే కట్ట నంబరు పక్కాగా రాసుకోండి. ఒక ఓడ లాగ్ కట్టలో ఇంకో ఓడ లాగ్ కూడా ఉంటుంది, కాబట్టి మొదటి పేజీ ఫొటో తప్పకుండా అడగండి.

పేజీ చూడగానే భయపడొద్దు. ఎడమవైపు సన్నని గళ్ళు ఉంటాయి, హెచ్ కింద గంటలు, కె కింద నాట్లలో వేగం, ఎఫ్ కింద ఫాదమ్‌లు (ఇక్కడ లోతు కాదు, నాట్‌లో చిన్న భాగం), ఆ పక్కన ఓడ పోయిన దిక్కు, గాలి దిక్కు, చివర వెడల్పాటి గడిలో ఆ రోజు విశేషాలు. మధ్యాహ్నం దగ్గర అక్షాంశ రేఖాంశాలు. నేను ముందు ఆ మధ్యాహ్నపు అంకెలు మాత్రమే వరసగా రాసుకుని మ్యాపు మీద చుక్కలు పెట్టుకుంటాను, ఆ తర్వాతే విశేషాలు చదువుతాను, లేకపోతే ఓడ ఏ మూల ఉందో తెలియకుండా తాళ్ళూ తెరచాపల గురించి చదువుతూ కూర్చోవాలి.

తేదీల సంగతి మాత్రం బాగా మనసులో పెట్టుకోండి. 1805 అక్టోబరులో అడ్మిరల్టీ మార్చమనేదాకా సముద్రం మీద రోజు మధ్యాహ్నం పన్నెండుకి మొదలయ్యేది, అదీ మన రోజు కంటే పన్నెండు గంటలు ముందు. అంటే మన లెక్కలో 15వ తేదీ సాయంత్రం వాళ్ళ లాగ్‌లో 16వ తేదీ. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవులో జరిగిన పోరు దీనికి మంచి ఉదాహరణ. 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్ మీదికి ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ తన పెద్ద ఓడ మారెంగోతో పాటు రెండు ఫ్రిగేట్లను తీసుకుని వచ్చాడు. ఉదయం మొదలైన కాల్పులు మధ్యాహ్నం దాటాక ముగిశాయి. సముద్రపు లెక్కలో రాస్తే ఒకే పోరు రెండు తేదీల కింద చీలిపోతుంది, చదివేవాళ్ళకి రెండు రోజుల యుద్ధంలా కనిపిస్తుంది. అయితే లంగరు వేసి రేవులో ఉన్నప్పుడు మామూలు రోజునే వాడే అలవాటు కూడా ఉండేది, కాబట్టి గుడ్డిగా ఒక రోజు తీసేయకండి. పేజీలో మధ్యాహ్నం తర్వాతి గంటలు ముందున్నాయా, ఉదయం గంటలు ముందున్నాయా చూస్తే ఏ లెక్కో తెలిసిపోతుంది.

ఆ పోరులోనే ఇంకో పాఠం ఉంది. కెప్టెన్ల జాబితా పెట్టుకుని ఫలానా రోజు ఓడను నడిపింది ఇతనే అని రాసేస్తాం కదా. విశాఖపట్నంలో కాల్పులు మొదలయ్యేసరికి సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఓడ మీదే లేడు, ఒడ్డున ఉన్నాడు, మొదట్లో పోరు నడిపింది లెఫ్టినెంట్ ఫిలిప్స్. లిండ్ పడవెక్కి మధ్యలో వచ్చి చేరాడు. ఓడ దక్కింది, కానీ దాని కాపలాలో ఉన్న సరుకు ఓడల్లో ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు, బర్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిపోయింది. ఇలాంటి వివరం జాబితాలో ఉండదు, కెప్టెన్ పై అధికారికి రాసిన ఉత్తరంలో ఉంటుంది. ఆ ఉత్తరాలు ఏడీఎం 1లో కుప్పలుగా ఉన్నాయి, కుప్పలోకి దిగే ముందు ఏడీఎం 12 అనే సూచిక చూడండి, మనుషుల పేర్లు, ఓడల పేర్లు, విషయాల వారీగా పెద్ద పెద్ద సంపుటాలు. వాడటం మొదట్లో చిరాకే, అలవాటయ్యాక అది లేకుండా పని జరగదు. ముఖ్యమైన పోరు ఉత్తరాలు ప్రభుత్వ పత్రిక లండన్ గెజెట్‌లో అచ్చయ్యాయి, దాన్ని ఉచితంగా వెతకొచ్చు. అయితే గెజెట్‌లో తేదీ అచ్చయిన తేదీ, పోరు జరిగి నెలలు అయి ఉండొచ్చు, తూర్పు సముద్రాలదైతే ఇంకా ఆలస్యం. ఆ ఆలస్యం సముద్రం మీదా అలాగే ఉండేది. అమెరికాతో యుద్ధం 1815 ఫిబ్రవరిలోనే ముగిస్తే, ఏప్రిల్ చివర్లో కార్న్‌వాలిస్ అమెరికన్ యుద్ధనౌక హార్నెట్‌ని రోజుల తరబడి తరిమింది, హార్నెట్ బరువు తగ్గించుకోవడానికి ఫిరంగులు నీళ్ళలోకి తోసేసి తప్పించుకుంది. శాంతి వచ్చిందన్న కబురు రెండు ఓడలకీ అందలేదు.

ఊళ్ళ పేర్లు విన్నట్టు రాసేసేవాళ్ళు, పైకి చదివి చూస్తే చాలాసార్లు ఏ ఊరో తడుతుంది. మద్రాస్ రోడ్స్, వైజాగపటం రోడ్స్ అని కనిపిస్తే అది రోడ్డు కాదు, తీరానికి ఎదురుగా ఓడలు లంగరు వేసే బయటి నీళ్ళు. ఫ్రెంచి కాగితాల్లో రేఖాంశం పారిస్ నుంచి లెక్కేస్తారు, గ్రీనిచ్ లెక్కకి సుమారు 2 డిగ్రీల 20 నిమిషాలు తేడా, సరిచేయకుండా మ్యాపు మీద పెడితే రెండు ఓడలు ఎదురుపడి కొట్టుకున్న చోట మీ చుక్కలు మైళ్ళ దూరంలో పడతాయి. 1838 తర్వాతి లాగ్‌లలో గాలి పక్కన ఒట్టి అంకె ఉంటే అది గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్ కొలమానం, వాతావరణం దగ్గర బి అంటే నీలాకాశం, సి అంటే మబ్బులు, ఆర్ అంటే వాన.

లాగ్‌లు చదువుతుంటే విసుగొస్తుంది, చెప్పకపోతే మోసమే అవుతుంది. తాడు మార్చారు, నీళ్ళు నింపారు, డెక్కు కడిగారు, ఎవడికో తాగినందుకు 24 కొరడా దెబ్బలు, మళ్ళీ డెక్కు కడిగారు. కానీ ఆ దెబ్బల్ని లెక్క పెట్టి చూడండి, కెప్టెన్ మారిన నెలలో ఒక్కసారిగా పెరగడమో తగ్గడమో కనిపిస్తే ఆ ఓడలో బతుకు ఎలా మారిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నీళ్ళు ఎక్కడ నింపారో, కూరగాయలు ఎక్కడ తీసుకున్నారో రాసుకుంటే ఓడ దారి దొరుకుతుంది.

మనుషుల కోసం మస్టర్ పుస్తకాలు, ఏడీఎం 36, 37, 38. మన మస్టర్ రోల్ లాంటిదే, పేరు, వయసు, పుట్టిన ఊరు, హోదా, ఎప్పుడు చేరాడు, ఎలా పోయాడు. పేరుకెదురుగా డి అంటే ఓడ దిగాడు, రెండు డి లు ఉంటే చనిపోయాడు, ఆర్ అంటే పారిపోయాడు. పుట్టిన ఊరి గడి మీద కన్నేసి ఉంచండి, తూర్పు స్టేషన్లలో ఉన్న ఓడల్లో ఇంగ్లండువాళ్ళు కానివాళ్ళు ఎంతమంది పనిచేశారో అక్కడే బయటపడుతుంది. డాక్టర్ల జర్నళ్ళు ఏడీఎం 101లో ఉన్నాయి, అన్ని ఓడలవీ మిగల్లేదు, మీ ఓడది ఉంటే మాత్రం పండగే, లాగ్‌లో ఒక ముక్కలో రాసి వదిలేసిన జ్వరం అక్కడ పేజీల కొద్దీ ఉంటుంది.

కథలు వినిపిస్తే ఆగండి. 1810లో బొంబాయిలో దిగిన మైండెన్ మీద కూర్చునే ఫ్రాన్సిస్ స్కాట్ కీ అమెరికా జాతీయగీతం రాశాడని ఇప్పటికీ చాలా చోట్ల రాస్తారు, మనవాళ్ళు ఇంకా గర్వంగా పంచుకుంటారు. 1814 సెప్టెంబరులో బాల్టిమోర్ దగ్గర కీ ఉన్నది సంధి జెండా కట్టిన ఒక అమెరికన్ ఓడలో. మైండెన్‌కి గొప్పలు కావాలంటే నిజమైనవే ఉన్నాయి, 1811లో జావా దీవి మీది దండయాత్రలో ఉంది, 1816లో అల్జీర్స్ మీద ఫిరంగులు పేల్చింది, 1842 తర్వాత హాంగ్‌కాంగ్‌లో ఆసుపత్రి ఓడ అయింది. ఏ కథైనా సరే, ఆ రోజు ఓడ ఎక్కడుందో లాగ్ చూశాకే రాయండి.

కట్టేసి ఉంచిన ఏళ్ళకి లాగ్‌లు ఉండవు. అప్పుడు పనికొచ్చేవి ప్రోగ్రెస్ పుస్తకాలు, ఏడీఎం 180. డాక్‌లోకి ఎప్పుడు వెళ్ళింది, అడుగున రాగి రేకులు ఎప్పుడు మార్చారు, ఎంత ఖర్చయింది అన్నీ ఓడకో పేజీ చొప్పున ఉంటాయి. అడుగు మరమ్మతుకి పెద్ద ఖర్చు కనిపిస్తే, దానికి ముందు నెలల లాగ్ తీసి నేల తగిలిందా అని చూడండి. గ్రీనిచ్‌లో ఓడల నక్షాలు ఉన్నాయి, కట్టినప్పటిదీ మార్చినప్పటిదీ పక్కపక్కన పెడితే ట్రింకోమలీ వెనకభాగం ఎందుకు వేరే ఆకారంలో ఉందో అర్థమవుతుంది. ఓడ కట్టి ఉన్న రేవు ఊరి పేపర్లు కూడా తిరగేయండి, పోర్ట్స్‌మత్ ఓడలకి హాంప్‌షైర్ టెలిగ్రాఫ్‌లో రేవు కబుర్లు వచ్చేవి.

ఓడ బ్రిటిష్‌ది కాకపోతే పద్ధతి అదే, చిరునామా వేరు. అమెరికన్ లాగ్‌లు వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఫ్రెంచి కాగితాలు ప్రధానంగా వాళ్ళ రక్షణశాఖ చరిత్ర విభాగంలో. ఇద్దరు కొట్టుకున్నారంటే రెండో వైపుది కూడా చదవండి, ఓడినవాడు ఫిరంగుల లెక్క ఎప్పుడూ వేరేగా రాస్తాడు.

రాసేటప్పుడు కొలువుకో అధ్యాయం పెట్టుకోండి, పక్కన ప్రతి తేదీకీ ఏ కాగితమో గుర్తు వేసుకోండి, కాగితం లేని నెలలు ఖాళీగానే వదిలేయండి, బహుశా అక్కడ తిరిగి ఉండొచ్చు అని నింపొద్దు. రెండు కాగితాలు తేదీ మీద కొట్టుకుంటే, ఆ రోజే రాసినదాన్ని ముందు నమ్మండి, పాతికేళ్ళ తర్వాత పతకం కోసం పెట్టిన అర్జీని చివర.

చివరి అధ్యాయం కోసం కొత్త పేర్లు వెతకాలి, పాత పేరు దగ్గర ఆగిపోతే ఓడ మాయమైపోయినట్టే ఉంటుంది. 1842 ఆగస్టు 29న బ్రిటన్, చైనాల మధ్య నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకాలు జరిగిన కార్న్‌వాలిస్‌కి 1850లలో ఆవిరి యంత్రం పెట్టారు, 1865లో షీర్‌నెస్‌లో జెట్టీ చేసేశారు, 1916లో వైల్డ్‌ఫైర్ అని పేరు మార్చారు, విరగ్గొట్టింది 1957లో. ట్రింకోమలీ 1857 తర్వాత నౌకాదళ రిజర్వు మనుషులకు శిక్షణ ఓడగా ఉంది, అందులో కొన్నేళ్ళు ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులోనే. 1897లో అమ్మేశాక కాబ్ అనే అతను కొని, అదే ఏడాది పగిలిపోయిన తన ఫుద్రోయాంట్ ఓడ పేరు దీనికి పెట్టుకున్నాడు. ఎనభై ఏళ్ళకు పైగా ఆ పేరుతోనే పిల్లలకు శిక్షణ ఇచ్చింది. 1987లో మళ్ళీ హార్టిల్‌పూల్ చేరింది, 1992లో పాత పేరు తిరిగొచ్చింది, ఇప్పుడు అక్కడే మ్యూజియంలో నీళ్ళ మీద తేలుతోంది. ఇరవయ్యో శతాబ్దపు ఫొటోల కోసం వెతికితే ఫుద్రోయాంట్ అని కొట్టండి, ట్రింకోమలీ అని కొడితే పెద్దగా ఏమీ రావు.